చేతికంటిన డాంబర్ వదలాలంటే ముందు నూనె, ఆ తర్వాతే సబ్బు

మే నెలలో నల్గొండ, మిర్యాలగూడ వైపు ఎండలు 44, 45 డిగ్రీలకు చేరాయంటే డాంబర్ రోడ్లు మెత్తబడతాయి. మన దగ్గర రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం తారు 47 డిగ్రీలు దాటాక మెత్తబడే రకం. గాలిలో 45 ఉన్న రోజున నల్లటి రోడ్డు పైభాగం 60 దాటడం పెద్ద విషయం కాదు. అందుకే అది చెప్పుల అడుగున అంటుకుంటుంది, బండి టైరుకు అంటుకుంటుంది, పంక్చర్ అయిందేమోనని టైరు తడిమి చూస్తే వేళ్లకు అంటుకుంటుంది. రోడ్డు పనికి పోనివాళ్లకూ ఇల్లు కట్టేటప్పుడు ఈ తిప్పలు తప్పవు. దర్వాజ నిలబెట్టే ముందు గోడకు ఆనే వైపు చెదలు పట్టకుండా డాంబర్ పూస్తారు. వానలకు ముందు స్లాబు పగుళ్లలో పోస్తారు. కంచె గుంజల మొదళ్లకు రాస్తారు.

అంటిన తర్వాత చాలామంది నేరుగా నల్లా దగ్గరికి పోయి సబ్బు అందుకుంటారు. నల్లటి మరక నీళ్లకు ఇంకా బిగుసుకుంటుంది తప్ప కదలదు. అప్పుడు గ్యాసునూనె (కిరోసిన్) సీసా వెతుకుతారు, లేదంటే బండిలోంచి కాస్త పెట్రోలు తీస్తారు. రోడ్డు పని దగ్గరైతే డీజిల్ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. అదీ చాలదనిపిస్తే ఇసుక. డాంబర్ పోతుంది, కాదనను. కానీ మర్నాడు పొద్దున అన్నం కలుపుకుంటే కూర కారానికి చెయ్యి భగ్గుమంటుంది. ఇంట్లో పోపుల డబ్బా పక్కనే ఉన్న నూనెతో ఇంతకంటే బాగా పోయే మరకకు ఈ హింస ఎందుకో నాకు అర్థం కాదు.

ముందు చూసుకోవాల్సింది: తారు వేడిదా, చల్లారిందా

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా నూనె సీసా ముట్టుకోకండి. రోడ్డు కంకరలో కలపడానికి తారును 150 డిగ్రీల పైన కాస్తారు. అంటే మరిగే నీళ్ల కంటే చాలా వేడి. పైగా నీళ్లలా జారిపోదు, చర్మాన్ని పట్టుకుని కూర్చుని కాలుస్తూనే ఉంటుంది. డ్రమ్ము దగ్గర, బాయిలర్ దగ్గర చేతి మీద పడ్డది మరక కాదు, కాలిన గాయం.

వెంటనే చెయ్యిని మామూలు చల్లటి నీళ్ల కింద పెట్టండి. ట్యాంకర్ పైపు అయినా సరే, బోరు నీళ్లయినా సరే. కనీసం 20 నిమిషాలు అలాగే ఉంచాలి. రెండు నిమిషాలకే మంట తగ్గిందని తీసేస్తే లోపల వేడి మిగిలే ఉంటుంది. ఐసుగడ్డ పెట్టొద్దు. ఉంగరం, వాచీ, గాజులు వదులుగా వస్తుంటే వాపు రాకముందే తీసేయండి. తారులో కూరుకుపోయి ఉంటే మాత్రం లాగొద్దు. గట్టిపడిన తారును కూడా పీకొద్దు, దానితో పాటు తోలు ఊడొస్తుంది. పసుపు, టూత్‌పేస్టు, సిరా లాంటివి పూయొద్దు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి పోండి, ఎక్కువ కాలితే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడినా అంతే, నీళ్లు పోసుకుంటూ డాక్టర్ దగ్గరికే. అక్కడ వాసెలిన్ లాంటి లేపనం పెట్టి మెల్లగా కరిగించి తీస్తారు. ఆ పని వాళ్లకే వదిలేయండి.

ఇంకో రకం కూడా ఉంది. గుంతలు పూడ్చే పనుల్లో ఇప్పుడు ఎమల్షన్ డ్రమ్ములు వస్తున్నాయి. చాక్లెట్ రంగులో, పల్చగా, చల్లగానే ఉంటుంది. తారును కంటికి కనిపించనంత సన్నటి బొట్లుగా చేసి నీళ్లలో కలిపి ఉంచిన సరుకు అది. చేతికి అంటినప్పుడు ఇంకా గోధుమ రంగులోనే ఉంటే నూనె అక్కర్లేదు, అప్పటికప్పుడు సబ్బుతో కడిగితే పోతుంది. నల్లగా మారిందంటే నీళ్లు విడిపోయి ఉత్త తారు మిగిలిందన్నమాట. ఇక దాన్ని మామూలు డాంబర్‌లాగే చూడాలి. ఎమల్షన్ పని చేసేవాళ్లు పక్కనే ఒక బకెట్ నీళ్లు, సబ్బుముక్క పెట్టుకుంటే సాయంత్రం అవస్థ సగం తప్పుతుంది.

నూనెకే ఎందుకు లొంగుతుంది

రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేసిన పెద్దాయనను ఎప్పుడైనా గమనించారా? సిరా అంటిన బొటనవేలిని ఎవరూ చెప్పకుండానే తీసుకెళ్లి తలకు రుద్దుకుంటాడు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది కానీ ఆయన చేసేది సరైన పనే. ఆ సిరా నూనెతో తయారైంది, తలకు నూనె ఉంది. నూనె సరుకు నూనెలోనే కరుగుతుంది.

తారు పుట్టింది ముడిచమురులోంచి. పెట్రోలు, డీజిల్ తీసేశాక అడుగున మిగిలే చిక్కటి పదార్థమే అది. నీళ్లకు దానికి పడదు. సబ్బు కూడా నీళ్లలో ఉండే పని చేయాలి కాబట్టి, గట్టిగా అతుక్కున్న తారు పొరలోకి దూరలేదు. నూనె దూరుతుంది. దూరి, పల్చగా చేసి, చర్మం నుంచి విడదీస్తుంది. ఆ తర్వాత మిగిలేది నల్లటి జిడ్డు మాత్రమే. జిడ్డును తీయడం సబ్బుకు చేతనవును. వరస తిప్పితే పని తిరగబడుతుంది. ముందే తడిపితే తారు చల్లబడి గట్టిపడుతుంది, పైన నీళ్ల పొర ఉంటే నూనె పట్టదు.

పెట్రోలు, గ్యాసునూనె కూడా తారును కరిగిస్తాయి, నూనె కంటే వేగంగానే. చిక్కేమిటంటే అవి తారు దగ్గర ఆగవు. చర్మానికి సహజంగా ఉండే జిడ్డునూ కరిగించి లాగేస్తాయి. ఆ జిడ్డు పోయిన తోలు ఎండుతుంది, పగులుతుంది, ఆ పగుళ్లలోంచి అడ్డమైన సరుకూ లోపలికి పోతుంది.

ఏ నూనె వాడాలి

ఇంట్లో ఏది ఉంటే అది. పల్లినూనె, కొబ్బరినూనె, నువ్వుల నూనె, సన్‌ఫ్లవర్, చివరికి గారెలు కాల్చిన పాత నూనె అయినా పనికొస్తుంది. వాసెలిన్ డబ్బా ఉంటే ఇంకా మేలు, జారిపోకుండా మరక మీద నిలుస్తుంది. నెయ్యి, వెన్న కూడా పనిచేస్తాయి కానీ ఈ ధరల్లో డాంబర్‌కు నెయ్యి ఎవరు పోస్తారు. ఆముదం చిక్కగా ఉంటుంది, పూయడానికి బాగానే ఉన్నా తుడవడం ఆలస్యం. నా ఓటు కొబ్బరినూనెకు, తుడిచాక కాస్త మిగిలినా చేతికి మంచిదే కాబట్టి. చిన్నపిల్లల కాళ్లకు, చేతులకు అంటితే మాత్రం కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ తప్ప ఇంకేదీ వద్దు.

ఇవి కాక దగ్గర పెట్టుకోవాల్సినవి: పాత నూలు గుడ్డలు మూడు నాలుగు, కాస్త తౌడు లేదా శెనగపిండి, ఒంటి సబ్బు, పారేయబోయే పళ్ల బ్రష్షు. గుడ్డ నూలుదే కావాలి. పాలిస్టర్ చీర ముక్క నూనెను పీల్చదు, మరకను ఇటు నుంచి అటు పూస్తుంది.

ఇక పని

ఉంగరాలు, గాజులు, వాచీ తీసి పక్కన పెట్టండి. చెయ్యి పొడిగా ఉండాలి. ముద్దలా అంటిన చోట పాత ఏటీఎం కార్డు అంచుతోనో, చెంచా తోకతోనో పైపైన ఎత్తి తీసేయండి. చాకు, బ్లేడు వద్దు. వెంట్రుకలున్న చోట, అంటే ముంజేతి మీద, గీకకుండా నేరుగా నూనెకు వెళ్లండి. అక్కడ లాగితే డాంబర్ కంటే ముందు ప్రాణం పోయినట్టుంటుంది.

చెంచాడు నూనె మరక మీద పోసి వేలితో పూయండి. రుద్దకండి, పూసి వదిలేయండి. ఇక్కడే అందరికీ ఓపిక తగ్గుతుంది. తాజా మరకకు ఐదు నిమిషాలు, పొద్దుననగా అంటి ఎండిన దానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. చలికాలంలో అయితే నూనెను గిన్నెలో పోసి కాసేపు ఎండలో పెట్టి వాడితే త్వరగా పనిచేస్తుంది. పొయ్యి మీద కాచాల్సిన పనిలేదు.

ఆ తర్వాత బొటనవేలితో గుండ్రంగా, మెల్లగా మర్దనా చేయండి. ఏం జరుగుతుందో చూస్తే తెలుస్తుంది. మొదట నూనె తేనె రంగులోకి వస్తుంది. కాసేపటికి మరక అంచులు కరిగి ముదురు గోధుమ రంగు చారలు బయటికి పాకుతాయి. చివరికి మధ్యలోని నల్లటి ముద్ద వేలి కింద జారడం మొదలవుతుంది. ఆ జారడం తెలిసిందాకా తుడవొద్దు.

జారిందంటే పొడి గుడ్డతో తుడవండి. తడి గుడ్డ కాదు. మరక బయటి అంచు నుంచి లోపలికి తుడిస్తే చెయ్యంతా పూసుకోదు. ఒకసారి తుడిచిన చోటు మళ్లీ వాడకుండా గుడ్డను మడత మారుస్తూ పోండి. మళ్లీ నూనె, మళ్లీ రెండు నిమిషాలు, మళ్లీ కొత్త మడత. గుడ్డకు అంటే రంగు నలుపు నుంచి లేత గోధుమకు వచ్చిందంటే డాంబర్ దాదాపు వచ్చేసినట్టే. మామూలు మరక రెండు మూడు విడతల్లో పోతుంది. దర్వాజకు డాంబర్ పూసి రెండు చేతులూ నల్లగా చేసుకున్నవాళ్లకు ఇంకొన్ని విడతలు పడతాయి, కంగారు పడాల్సింది లేదు.

ఇప్పుడు తౌడు. మిర్యాలగూడ చుట్టుపక్కల ఇన్ని రైస్ మిల్లులు ఉన్నాయి, బర్రెలున్న ప్రతి ఇంట్లో తౌడు బస్తా ఉంటుంది. పిడికెడు తీసుకుని పొడి చేతులకే రుద్దండి. మిగిలిన నల్లటి జిడ్డును పీల్చుకుని ఉండలు ఉండలుగా రాలిపోతుంది. గీతల్లో, కణుపుల మడతల్లో ఇరుక్కున్నది కూడా వస్తుంది. తౌడు లేకపోతే శెనగపిండి, అదీ లేకపోతే చక్కెరలో నాలుగు చుక్కల నూనె కలిపి మెల్లగా రుద్దండి. మెకానిక్ షాపుల్లో రంపపు పొట్టు వాడతారు, అదీ పనిచేస్తుంది కానీ సన్నటి పుల్లలు గుచ్చుకుంటాయి.

సబ్బు వంతు ఇప్పుడొచ్చింది. పొడి చేతులకే ముందు సబ్బు, లేదా గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు పట్టించి రుద్దండి. తర్వాత కొద్దికొద్దిగా గోరువెచ్చటి నీళ్లు కలపండి. నురగ తెల్లగా వచ్చాక కడిగేయండి. చర్మం కింద నీడలా పసుపుపచ్చటి మచ్చ మిగిలితే దాన్ని వెంటాడొద్దు. పైపొర చర్మం కొన్ని వారాల్లో తనంతట తానే రాలి కొత్తది వస్తుంది, దానితో అదీ పోతుంది. చేతులు తుడుచుకుని ఒక చుక్క కొబ్బరినూనె రాసుకోండి.

నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మన వైపు చాలా బోర్లలో నీళ్లు కఠినం. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో సబ్బు నురగ ఇవ్వకుండా తెల్లటి మడ్డిలా విరిగిపోతుంది. ఆ మడ్డి నల్ల జిడ్డుతో కలిసి చేతికి మళ్లీ అంటుకుంటుంది. మీరేమో డాంబర్ పోలేదనుకుని ఇంకా రుద్దుతారు. ఇంటికి కృష్ణా నీళ్ల నల్లా ఉంటే చివరి కడుగుడు దానితో చేయండి. లేదంటే గిన్నెల లిక్విడ్ వాడండి, కఠిన నీళ్లలో సబ్బులా మడ్డి కట్టదు. గుప్పెడు కుంకుడుకాయలు నానబెట్టి పిసికిన రసం కూడా ఈ నీళ్లలో బాగానే నురగనిస్తుంది. కంట్లో పడకుండా చూసుకోవాలి, అంతే.

గోళ్లు వేరే లెక్క. గోరు చివర కింద ఇరుక్కున్న తారును పిన్నీసుతో తవ్వకండి, గోరు చర్మం నుంచి విడిపోయి లోపల చీము పట్టే ప్రమాదముంది. పళ్ల బ్రష్షును నూనెలో ముంచి గోరు కింద అడ్డంగా తోమండి, అగ్గిపుల్లకు దూది చుట్టి తుడవండి. గోరుకే రంగు పట్టి ఉంటే ఓపిక పట్టాల్సిందే. చేతి గోరు నెలకు 3 మిల్లీమీటర్లకు అటు ఇటుగా పెరుగుతుంది, కత్తిరించుకుంటూ పోతే మచ్చ ముందుకు జరిగి పోతుంది.

వాడిన గుడ్డలను పొయ్యి దగ్గర పెట్టొద్దు, పశువుల కుడితి తొట్టి పక్కన పారేయొద్దు. ప్యాంటుకో చీరకో డాంబర్ అంటితే కూడా వరస ఇదే. ముద్ద గట్టిపడనిచ్చి ఎత్తేయడం, నూనె, తుడవడం, సర్ఫు. పట్టుచీర అయితే మాత్రం సొంత ప్రయోగాలు మాని డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి.

ఇసుక, గ్యాసునూనె వాడితే పోయేది తోలొక్కటే కాదు

పాలమూరు నుంచి రోడ్డు పనులకు, కాలువ పనులకు దేశమంతా పోయిన కూలీల చేతులు చూసినవాళ్లకు తెలుసు. అరచేయి చెక్కలా గట్టిపడి, వేళ్ల కొనలు నున్నగా అరిగిపోయి ఉంటాయి. పని వల్ల అరిగేది ఎలాగూ అరుగుతుంది. దాని మీద రోజూ సాయంత్రం ఇసుక, సిమెంటు గచ్చు, ఇటుక ముక్కతో రుద్దుకుంటే మిగిలిన గీతలూ పోతాయి. వేలిముద్ర గీతలకు ఒకప్పుడు పెద్ద పని ఉండేది కాదు. ఇప్పుడు రేషన్ బియ్యానికి వేలిముద్ర, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బులకు వేలిముద్ర. మిషన్ మీద వేలు పెట్టి, తీసి, చీర కొంగుకు తుడిచి, మళ్లీ పెట్టి, వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటుంటే ఇంకో వేలు పెట్టే ముసలవ్వలు ప్రతి రేషన్ షాపు దగ్గరా కనిపిస్తారు. ఎండి పగిలిన వేలు కూడా మిషన్‌కు సరిగా అందదు. కాబట్టి మేస్త్రీలకు నా విన్నపం: పని దగ్గర డీజిల్ డబ్బా చూపించే బదులు ఒక లీటరు చవక నూనె, ఒక తౌడు సంచి పెట్టండి. డీజిల్ కంటే ఖర్చు పెద్దగా ఎక్కువేం కాదు.

గ్యాసునూనె, పెట్రోలుతో ఇంకో రెండు ప్రమాదాలు. తడిసిన చేత్తో బీడీ ముట్టిస్తే, పొయ్యి దగ్గరికి పోతే అంటుకుంటుంది. మిగిలిన దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి మూలన పెడితే పిల్లలు తాగుతారు. అలా తాగితే వాంతి చేయించొద్దు. వాంతి వచ్చేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయి అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మిగతా మొండి మరకలు

గ్రీసు, కాలిన ఇంజిన్ ఆయిల్: వరస పైదే, నూనె, తౌడు, సబ్బు. కాకపోతే మరక చిన్నదే కదా అని రాత్రిదాకా వదిలేయకండి. 1775లోనే లండన్ డాక్టర్ పెర్సివల్ పాట్, పొగగొట్టాలు ఊడ్చేవాళ్లకు ఒంటికి పట్టిన మసి వల్ల క్యాన్సర్ వస్తోందని రాశాడు. బొగ్గు నుంచి తీసే తారులో, కాలిన ఇంజిన్ ఆయిల్లో అలాంటి పదార్థాలే ఉంటాయి. ఒకరోజు అంటితే భయం లేదు. ఏళ్ల తరబడి రోజూ ఒంటి మీదే ఉంచుకోవడం, ఆయిల్ గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకుని తిరగడం మానాలి.

పసుపు: సబ్బు రుద్దగానే చెయ్యి ఎర్రబడితే హడలిపోకండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి వచ్చేది ఎందుకో ఇదీ అందుకే, సబ్బుకు కూడా సున్నంలాగే క్షారగుణం ఉంటుంది. పసుపు రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బు. ఇంకా మిగిలితే ఎండే తీసేస్తుంది, మన దగ్గర దానికి కొదవ లేదు.

అరటికాయ, వంకాయ, దానిమ్మ తొక్క: వీటి వగరు ఇనుప కత్తిపీటకు తగిలి చేతులు నల్లబడతాయి. ఇది నూనెకు పోదు, పులుపుకు పోతుంది. చింతపండు పిప్పి చాలు. నిమ్మకాయ ఇంకా బాగా పనిచేస్తుంది. నకిరేకల్ నిమ్మ మార్కెట్ పక్కనే ఉన్న మనకు నిమ్మచెక్క దొరకదన్న బాధ లేదు. ఒక్క జాగ్రత్త: నిమ్మరసం రుద్దిన చెయ్యి కడగకుండా ఎండలోకి పోవద్దు. ఆ రసంలోని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని బొబ్బలెక్కేలా కాలుస్తాయి, ఆ తర్వాత నల్లటి మచ్చలు నెలల తరబడి ఉంటాయి. పచ్చి అరటికాయ కోసే ముందు చేతులకు, కత్తికి నూనె రాసుకుంటే అసలు జిగురే పట్టదు.

మామిడి సొన: కొల్లాపూర్ తోటల్లో కాయలు తెంపేవాళ్లకు దీని సంగతి నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ మాత్రం నూనె ముందు కాదు. సొన మంట పుట్టించే సరుకు, నూనెతో రుద్దితే ఇంకా పాకుతుంది. వెంటనే ధారాళంగా నీళ్లు, సబ్బు. నల్లజీడి రసానికీ ఇదే పద్ధతి. అది ముట్టిన చేత్తో ముఖం తుడుచుకోవద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు. బొబ్బలొస్తే డాక్టర్‌కు చూపించాలి.

నూలు రంగులు: పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేటల్లో రంగుల పని చేసేవాళ్ల చేతులు మోచేతి దాకా నీలమో ఎరుపో తిరిగి ఉంటాయి. కొన్ని రంగులు నూలుకు అతుక్కున్నట్టే చర్మానికీ అతుక్కుంటాయి, ఏం రుద్దినా పోవు. బ్లీచింగ్ పౌడర్‌తో, రంగు విడగొట్టే హైడ్రోస్‌తో చేతులు కడిగే అలవాటు చాలా చెడ్డది. రంగు పోతుంది, చర్మం మండి పుండవుతుంది. మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు తప్ప దీనికి వేరే మందు లేదు.

ఫెవిక్విక్: వేళ్లు అతుక్కుంటే లాగొద్దు. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించండి. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ త్వరగా కరిగిస్తుంది. దూదితో, నూలు గుడ్డతో తడి జిగురును తుడవొద్దు, నూలుకు తగిలితే అది చేతిని కాల్చేంత వేడెక్కుతుంది.

జుట్టుకు వేసే రంగు: తాజాగా ఉంటే నూనె, సబ్బు. దురద మొదలైతే ఆ రంగు మీకు పడనట్టే, మళ్లీ వాడొద్దు. ఓటు సిరా జోలికి పోనే పోవద్దు. అందులోని సిల్వర్ నైట్రేట్ చర్మంతో కలిసి వెలుగు తగిలాక నల్లబడుతుంది, తోలు మారేదాకా ఉండటానికే దాన్ని తయారు చేశారు. మైసూరు కంపెనీ 1962 ఎన్నికల నుంచి చేస్తున్న పని అది.

పనికి దిగే ముందు

డాంబర్ పని ఉందని ముందే తెలిస్తే రెండు నిమిషాలు కేటాయించండి. తడి సబ్బు బిళ్లను గోళ్లతో గీకి, గోళ్ల కింద సబ్బు నింపుకోండి. అక్కడికి తారు పోవడానికి చోటుండదు, కడిగినప్పుడు సబ్బు తనంతట తానే వచ్చేస్తుంది. చేతుల వెనక, ముంజేతులకు వాసెలిన్ పల్చగా రాయండి. అరచేతికి రాయొద్దు, పనిముట్టు జారుతుంది. సన్నటి రబ్బరు గ్లౌజులు వేసుకునేట్టయితే నూనె, వాసెలిన్ వద్దు, వాటికి మామూలు రబ్బరు సాగి చిరిగిపోతుంది. నైట్రైల్ గ్లౌజులైతే తట్టుకుంటాయి. ఇవన్నీ చల్లటి తారుకే. కాగే తారు దగ్గర తోలు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, బూట్లు ఉండాలి. నూలు గ్లౌజు వేసుకుంటే వేడి తారు దానిలోకి ఇంకి చేతికే అంటుకుని ఉంటుంది, ఉత్త చేతుల కంటే అధ్వానం.

మరక పోయాక కూడా చెయ్యి ఎర్రగా ఉండి, దురద పెట్టి, నీటి పొక్కులు లేచి మూడు నాలుగు రోజులకు తగ్గకపోతే మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చి రాసుకోవద్దు. అలా ఇచ్చేవాటిలో చాలా వరకు స్టెరాయిడ్ కలిసిన క్రీములే. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చర్మం డాక్టర్లు ఉంటారు, ఓపీ చీటీ తీసుకుని చూపించండి. చేతికి ఏం అంటిందో చెప్పడంతో ఆగకండి, దాన్ని వదిలించడానికి మీరు ఏమేం రుద్దారో కూడా చెప్పండి. గ్యాసునూనె అని చెప్పడానికి సిగ్గుపడొద్దు. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.